ఫ్రాంకెన్‌స్టైన్ మొదటిసారి చదువుతున్నాను: ముగింపు చెప్పకుండా తోడు రాగలరా?

క్లాక్ టవర్ పాఠకుడు, నల్లగొండ | శనివారం, రాత్రి 11:20

సభ్యులందరికీ నమస్కారం. నేను నల్లగొండలో మందుల దుకాణం నడుపుతున్నాను. వయసు యాభై దాటింది. ఇంగ్లీషు నవలలు చదివే అలవాటు నాకు లేదు. పోయిన నెల సెలవులకు వచ్చిన మా అమ్మాయి మేరీ షెల్లీ రాసిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవలను ఇంట్లో మరచిపోయి వెళ్లింది. దుకాణం మూసి వచ్చాక, భోజనం చేసి, డాబా మీద చాప వేసుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని రోజుకు ఏడెనిమిది పేజీలు చదువుతున్నాను.

పుస్తకం తెరిచేటప్పుడు నా మనసులో ఉన్నది సినిమా బొమ్మ మాత్రమే. మెడకు రెండువైపులా ఇనుప మేకులు, చదునైన నెత్తి, మూలుగు తప్ప మాట రాని భారీ శరీరం. తీరా చూస్తే ఒక ఓడ నాయకుడు తన అక్కకో చెల్లెలికో రాసుకున్న నాలుగు ఉత్తరాలతో కథ మొదలైంది. ఎటు చూసినా మంచు. ఈ మే నెలలో రాత్రి పదకొండు గంటలకు కూడా పిట్టగోడ సెగలు కక్కుతుంటే, ఉత్తర ధ్రువంలో ఓడ మంచులో చిక్కుకుపోవడం ఊహించుకోవడానికి చాలా ప్రయాసపడుతున్నాను. ఈ ఉత్తరాలు దాటవేసి అసలు కథలోకి వెళ్లవచ్చునా? చదివినవారు చెప్పగలరు. ఒక్క మనవి: ముగింపు మాత్రం బయటపెట్టవద్దు. నేను ఎంతవరకు చదివానో ఎప్పటికప్పుడు ఇక్కడ రాస్తాను. అంతవరకే మాట్లాడుకుందాం.

దేవరకొండ పంతులమ్మ | ఆదివారం, ఉదయం 6:45

దయచేసి ఆ ఉత్తరాలను దాటవేయకండి. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పినదానిగా ఇది అడుగుతున్నాను. పంచతంత్రంలో కథ చెప్పేవాడి నోటి నుండి మరొక కథ, అందులో నుండి ఇంకొకటి పుట్టుకొచ్చే పద్ధతి మనకు కొత్త కాదు. ఈ నవల నిర్మాణం కూడా అదే. ఓడ నాయకుడు వాల్టన్ ఉత్తరం రాస్తాడు, ఆ ఉత్తరంలో విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ తన కథ చెబుతాడు, విక్టర్ చెప్పే కథ నడిమధ్యలో మరొక గొంతు వినిపిస్తుంది. ఆ గొంతు ఎవరిదో మీరే తెలుసుకుంటారు. బయటి పొరను తీసేస్తే, లోపలివారి మాటలను ఎవరు విన్నారో, ఎవరు రాసిపెట్టారో, వారిని ఎంతవరకు నమ్మాలో మనకు అర్థం కాకుండా పోతుంది.

రెండవ ఉత్తరాన్ని మరొకసారి చదవండి. వాల్టన్‌కు ఓడ ఉంది, ధనం ఉంది, పట్టుదల ఉంది. లేనిది స్నేహితుడు. తన ఆనందాన్ని పంచుకునే మనిషి లేడని బాధపడతాడు. ఈ ఒక్క మాటను గుర్తుపెట్టుకుని ముందుకు వెళ్లండి. ఉత్తరాలు అందుకునే సోదరి పేరు మార్గరెట్ వాల్టన్ సావిల్. ఆ పేరులోని మొదటి అక్షరాలు, మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ షెల్లీ అనే రచయిత్రి పేరులోని మొదటి అక్షరాలు ఒక్కటే. ఆ ఉత్తరాలను మొదట అందుకున్నది తానేనన్నట్లు రచయిత్రి అక్కడ కూర్చున్నదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

మరొక విషయం. మీ చేతిలో ఉన్నది ఏ ప్రతి? ఈ నవల 1818 జనవరి 1న లండన్‌లో రచయిత్రి పేరు లేకుండా, మూడు సంపుటాలుగా, 500 ప్రతులు మాత్రమే వెలువడింది. 1831లో ఆమె దానిని సవరించి, ముందుమాట చేర్చి, ఒకే సంపుటంగా ప్రచురించారు. తేడా కనిపెట్టడానికి సులువైన గుర్తు ఎలిజబెత్. 1818 ప్రతిలో ఆమె విక్టర్‌కు మేనత్త కూతురు. 1831 ప్రతిలో ఆమె ఇటలీలో దొరికిన అనాథ పిల్ల, ఆ కుటుంబం పెంచుకున్న అమ్మాయి. మేనరికం అనేది మన ఇళ్లలో పసుపు కుంకుమలంత మామూలు మాట కనుక, మొదటి ప్రతి చదివిన తెలుగు పాఠకుడికి వారిద్దరి పెళ్లి మాటలో వింత ఏమీ కనబడదు.

గద్వాల కోటవీధి | ఆదివారం, ఉదయం 10:05

పంతులమ్మ గారికి నమస్కారం. నాదొక సందేహం. గోథిక్ నవల అంటే పాత కోట, సొరంగం, మూసిన గది, తరతరాల పాపం అని విన్నాను. మాకు అది అర్థం కావడానికి విదేశం దాకా పోనవసరం లేదు. పాడుబడిన గడీ ఒకటి మా చిన్నతనంలో మా అమ్మమ్మ ఊళ్లో ఉండేది. పొద్దుగూకాక ఆ గోడల వైపు ఎవరూ వెళ్లేవారు కాదు. అక్కడ దయ్యముందని పిల్లలకు చెప్పేవారు కానీ, పెద్దల భయం దయ్యం గురించి కాదు. ఆ గడపలో వెట్టి చేసినవారి మీద ఏమేమి జరిగిందో వారికి తెలుసు. అటువంటి భయం ఈ నవలలో ఉందా? కోట లేని గోథిక్ ఏమిటి?

దేవరకొండ పంతులమ్మ | ఆదివారం, మధ్యాహ్నం 3:30

మీరు గడీ గురించి రాసిన నాలుగు వాక్యాలు గోథిక్ అంటే ఏమిటో నేను తరగతిలో చెప్పిన పాఠాల కంటే బాగా చెప్పాయి. ఆ సాహిత్యం 1764లో హొరేస్ వాల్‌పోల్ రాసిన నవలతో మొదలైందని చెబుతారు. అందులో కోట ఉంది. మేరీ షెల్లీ కోటను తీసివేసి, దాని స్థానంలో ఒక విద్యార్థి అద్దెకున్న ఇంటి పై అంతస్తు గదిని పెట్టింది. పాపం తాతలది కాదు, ఈ తరానిదే. మూసిన తలుపు వెనుక ఏమి జరిగిందో ఇంటివారికి కూడా తెలియకపోవడం మాత్రం అలాగే ఉంది.

వాతావరణం గురించి ఒక మాట. 1815 ఏప్రిల్‌లో ఇప్పటి ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం బద్దలై, దాని నుండి లేచిన గంధక ధూళి సూర్యరశ్మిని అడ్డగించడంతో 1816లో ఐరోపాకు వేసవి రాలేదు. ఆ చలిలో, ఆగని వానలో, జెనీవా సరస్సు ఒడ్డున ఇంగ్లీషు కవి బైరన్ అద్దెకు తీసుకున్న ఇంట్లో చేరిన మిత్రులు తలా ఒక దయ్యం కథ రాయాలనుకున్నారు. వారిలో ఒకరైన మేరీ వయసు అప్పటికి 18. పుస్తకం నిండా అంత చలి ఉండటానికి అది కూడా ఒక కారణం. క్లాక్ టవర్ పాఠకుడు గారు మన వేసవిలో కూర్చుని, వేసవి రాని సంవత్సరంలో పుట్టిన కథను చదువుతున్నారు.

క్లాక్ టవర్ పాఠకుడు | గురువారం, రాత్రి 11:50

ఉత్తరాలు మళ్లీ మొదటి నుండి చదివాను. ఐదవ అధ్యాయం ఇప్పుడే ముగించాను. నాది 1831 ప్రతి అని తెలిసింది. ఎలిజబెత్ పెంపుడు పిల్లగానే ఉంది.

నిద్ర పట్టడం లేదు. భయం వల్ల కాదు, కోపం వల్ల. విక్టర్ దాదాపు రెండేళ్లు తిండి మాని, నిద్ర మాని, ఇంటికి ఉత్తరం కూడా రాయకుండా శ్రమించాడు. నవంబరు నెల రాత్రి, వాన కురుస్తుండగా, కొవ్వొత్తి కొడిగట్టే వేళ, ఆ ప్రాణి కన్ను తెరిచింది. తెరిచిన క్షణంలోనే ఇతడు గది విడిచి పారిపోయి మంచమెక్కి పడుకున్నాడు. తాను ఏరి కూర్చిన అవయవాలు, తాను ఎంచిన నల్లని జుట్టు, తెల్లని పళ్లు, అన్నీ తనవే. చూడటానికి బాగా లేదని వదిలేశాడు. మా వృత్తిలో ఒక మందు ఇచ్చాక అది పడిందో లేదో కనుక్కోవడం కనీస ధర్మం. ఎనిమిది అడుగుల మనిషిని చేసి, వాడికి గుక్కెడు నీళ్లు కూడా ఇవ్వకుండా వెళ్లిపోయినవాడిని కథానాయకుడిగా ఎలా భరించాలి?

నాగర్‌కర్నూల్ నర్సు | శుక్రవారం, ఉదయం 7:15

ఇన్నాళ్లూ చదివి ఊరుకున్నాను, ఈ రోజు రాయకుండా ఉండలేకపోతున్నాను. పదిహేడేళ్లుగా ప్రసూతి వార్డులో పని చేస్తున్నాను. రాత్రి విధి ముగించుకుని ఇప్పుడే ఇల్లు చేరాను.

ఆ ఐదవ అధ్యాయంలో విక్టర్ మంచం తెర పక్కకు జరిపి ఆ ప్రాణి ఏమి చేసిందో మరొకసారి చూడండి. కళ్లు అతడి మీద నిలిపింది. నోరు తెరిచి అర్థం కాని శబ్దాలు చేసింది. ముఖం మీద నవ్వు వంటిది కనబడింది. చేయి చాచింది. నేను ప్రతి రాత్రీ చూసేది ఇదే. అప్పుడే పుట్టిన బిడ్డ చేసే పనులు ఇవే. విక్టర్ దానిని దాడి అనుకున్నాడు. తల్లి పక్కలో వేయవలసిన బిడ్డను చలిలో వదిలి తలుపు వేసుకున్నట్లు నాకు అనిపించి, ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

రచయిత్రి జీవితం తెలిశాక ఇంకా కలవరపడ్డాను. ఆమె 1797 ఆగస్టు 30న పుట్టారు. తల్లి మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్‌కు కాన్పు తరువాత మాయ పడలేదు. వైద్యుడు చేతితో ముక్కలు ముక్కలుగా తీశాడు. బాలింత జ్వరం వచ్చి సెప్టెంబరు 10న ఆమె మరణించారు. చేతులు కడుక్కుంటే ఈ జ్వరాన్ని ఆపవచ్చునని వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు చూపించింది 1847లో, అంటే మరో 50 ఏళ్లకు. తన పుట్టుక తల్లి ప్రాణం తీసిందన్న తలంపుతో పెరిగిన పిల్ల, 1815లో నెలలు నిండకుండా పుట్టిన తన మొదటి బిడ్డను కొద్ది రోజులకే పోగొట్టుకుంది. ఆ తరువాత ఒక రాత్రి, బిడ్డ చల్లబడిపోయింది అంతే, నిప్పు దగ్గర పెట్టి ఒళ్లు రుద్దితే మళ్లీ బతికిందని కల వచ్చినట్లు దినచర్యలో రాసుకుంది. ఊపిరి తీయని బిడ్డ వీపు రుద్ది, అరికాళ్లు తట్టి, ఏడుపు వినే వరకు మేము ఎంత కొట్టుకుంటామో మీలో ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. ఆ కల కన్న మనిషే మరుసటి సంవత్సరం ఈ కథ మొదలుపెట్టింది. కనుక ఇది శవాలకు ప్రాణం పోసిన శాస్త్రవేత్త కథ అని ఎవరైనా అంటే, నేను సగమే ఒప్పుకుంటాను.

సూర్యాపేట విద్యార్థి | శుక్రవారం, సాయంత్రం 6:40

పెద్దలకు నమస్కారం. నేను భౌతికశాస్త్రం చదువుతున్నాను. ఆ ప్రాణికి పిడుగు ద్వారా విద్యుత్తు పంపినట్లు సినిమాల్లో చూశాను. నవలలో ఆ పద్ధతి ఎలా వర్ణించారో చెప్పగలరా?

దేవరకొండ పంతులమ్మ | శుక్రవారం, రాత్రి 8:10

నాయనా, నవలలో పద్ధతి లేదు. ఒక ‘జీవపు నిప్పురవ్వ’ అనే మాట తప్ప పిడుగూ లేదు, మీటలూ లేవు. తన రహస్యం చెబితే మరొకరు అదే తప్పు చేస్తారని విక్టర్ ఉద్దేశపూర్వకంగా దాచిపెడతాడు. కానీ నీ ప్రశ్న తప్పు కాదు. చచ్చిన కప్ప కాలు విద్యుత్తు తగిలి కదులుతుందని ఇటలీ శాస్త్రవేత్త గాల్వానీ చూపించాక, ఆయన మేనల్లుడు ఆల్దీని 1803లో లండన్‌లో ఉరితీసిన ఖైదీ దేహం మీద అదే ప్రయోగం చేస్తే దవడ అదిరింది, ఒక కన్ను తెరుచుకుంది. మేరీ బాల్యం నాటికి అది ఊరంతా చెప్పుకున్న సంగతి. 1831 ముందుమాటలో గాల్వానీ పేరుతో ఉన్న ఆ విద్యను ఆమె ప్రస్తావించారు కూడా.

పాలమూరు అనువాదకుడు | శనివారం, ఉదయం 9:30

నేను ఈ నవలలోని కొన్ని అధ్యాయాలను నా తృప్తి కోసం తెలుగులోకి తెచ్చుకుంటున్నాను. ప్రచురించే ఉద్దేశం లేదు. నన్ను రెండు నెలలుగా వేధిస్తున్న సమస్య క్లాక్ టవర్ పాఠకుడు గారి ఉత్తరంలోనే బయటపడింది. ఆయన ఒక వాక్యంలో ‘ప్రాణి కన్ను తెరిచింది’ అన్నారు, నాలుగు వాక్యాల తరువాత ‘వాడికి గుక్కెడు నీళ్లు’ అన్నారు. మధ్యలో కోపం వచ్చింది, జాలి కలిగింది, ‘అది’ కాస్తా ‘వాడు’ అయింది. ఆయన గమనించి ఉండరు.

విక్టర్ అతడికి పేరు పెట్టలేదు. ఫ్రాంకెన్‌స్టైన్ అనేది చేసినవాడి పేరు, చేయబడినవాడిది కాదు. ఇంగ్లీషులో ఆ లోటు పెద్దగా తెలియదు కానీ, తెలుగులో క్రియ దగ్గరికి వచ్చేసరికి తేల్చి చెప్పక తప్పదు: వచ్చింది, వచ్చాడు, వచ్చారు. ఏది రాసినా నేను తీర్పు చెప్పినట్లే అవుతుంది. నామవాచకం కూడా కుదరడం లేదు. దయ్యం అందామంటే చనిపోయిన ఒక మనిషి అయి ఉండాలి, ఇతడు ఏ ఒక్కరూ కాదు. రాక్షసుడు అని రాసి కొట్టివేశాను. మన పురాణాల్లో రాక్షసుడికి కూడా వంశం ఉంటుంది. రావణుడు పులస్త్యుడి మనుమడు, విశ్రవసుడి కొడుకు. ఘటోత్కచుడికి హిడింబి ఉంది, భీముడున్నాడు, తలచుకుంటే వస్తానన్న మాట ఉంది. తల్లి, తండ్రి, కులం, ఊరు, పేరు ఏవీ లేనివాడికి మన భాషలో మాట లేదు. ఇప్పటికి నేను చేసుకున్న ఏర్పాటు ఇది. విక్టర్ చెబుతున్నప్పుడు ‘అది’, కోపం ముదిరినప్పుడు ‘వాడు’. ఆ ప్రాణి స్వయంగా మాట్లాడే ఆరు అధ్యాయాల్లో ‘నేను’ కనుక ఆ చిక్కు ఉండదు.

క్లాక్ టవర్ పాఠకుడు | మంగళవారం, రాత్రి 12:15

నేను ‘అది’ నుండి ‘వాడు’లోకి మారిన సంగతి అనువాదకుడు గారు చెప్పేదాకా నాకు తెలియదు. ఇప్పుడు పదహారవ అధ్యాయం చివరికి వచ్చాను. ఇక ‘అతడు’ అనే రాస్తాను.

అతడు మాట్లాడతాడని నాకు ఎవరూ చెప్పలేదు. మంచుకొండల మీద విక్టర్‌ను నిలబెట్టి, నా కథ విన్న తరువాత నన్ను తిట్టు అని అడుగుతాడు. ఆ కథ వింటుంటే దుకాణానికి తాళం వేశానో లేదో కూడా మరచిపోయాను. అడవిలో ఎవరో వదిలి వెళ్లిన నిప్పు చూసి సంతోషంతో చేయి పెట్టి కాల్చుకుంటాడు. ఊళ్లోకి వెళితే రాళ్లతో కొడతారు. ఒక పేద కుటుంబం ఇంటిని ఆనుకున్న కొట్టంలో దాక్కుని, గోడ సందులో నుండి వారిని చూస్తూ నెలల తరబడి మాటలు నేర్చుకుంటాడు. వారు తినేదే తక్కువని తెలిసి, వారి తిండి దొంగిలించడం మానివేసి, రాత్రిపూట కట్టెలు కొట్టి గడప ముందు పెడతాడు. ఉదయం ఆ కట్టెలు చూసి వారు ఆశ్చర్యపోతుంటే లోపల కూర్చుని ఆనందిస్తాడు. చివరికి ఇంట్లో ఎవరూ లేని సమయం చూసుకుని, ముసలి తండ్రి దగ్గరికి వెళతాడు. ఆయనకు చూపు లేదు. ఆయన ఒక్కడే కూర్చోబెట్టి మాట్లాడాడు. ఇంతలో కొడుకు వచ్చి కర్రతో కొట్టాడు.

అతడికి కొడుకును విరిచివేసే బలం ఉంది. అయినా చేయి ఎత్తలేదు.

మర్రిగూడ మేనల్లుడు | బుధవారం, రాత్రి 10:40

నేను ఈ వేదికలో ఎప్పుడూ రాయలేదు. పాఠకుడు గారు ఆ ముసలాయన గురించి రాసింది చదివి, ఆ అధ్యాయాన్ని సంపాదించి రెండుసార్లు చదివాను. నాది మర్రిగూడ మండలం. మా ప్రాంతం పేరు వినగానే అందరికీ గుర్తొచ్చేది ఫ్లోరైడ్. పటికతో, సున్నంతో నీటిలోని ఫ్లోరైడును తొలగించే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టి, దూరదేశాల పాఠ్యపుస్తకాల్లో కూడా ‘నల్లగొండ పద్ధతి’ అని చదువుకుంటారు. ఇప్పుడు కృష్ణా నీళ్లు కుళాయిలో వస్తున్నాయి. వంగిన ఎముకలు మాత్రం నీళ్లు మారితే తిరిగి నిటారుగా కావు.

మా మేనమామకు నలభై ఏళ్లు నిండకముందే వెన్ను వంగిపోయింది. మోకాళ్లు చాపలేడు, మెడ తిప్పలేడు. పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిరగాలి. ఎంతోమంది వచ్చారు, ఫోటోలు తీసుకున్నారు, వెళ్లారు. ఫోటో తీసేముందు పేరు అడిగినవారు ఇద్దరో ముగ్గురో ఉంటారని ఆయనే చెబుతాడు. ఆయన చదివింది పదవ తరగతి, జ్ఞాపకశక్తి మాత్రం అపారం. అందుకే మా ఊళ్లో ఎరువుల దుకాణానికి వచ్చే ఫోన్లన్నీ ఆయనే మాట్లాడతాడు. ఏ బస్తా ఎంత, ఏ విత్తనం ఎప్పుడొస్తుంది, ఎవరు ఎంత బాకీ, అన్నీ నోటికి వచ్చు. ఫోనులో రైతులు ‘అన్నా, మీరు చెప్పినట్లే చేస్తం’ అంటారు. అదే మనిషి మరునాడు దుకాణానికి వస్తే, ఆయన కూర్చున్న కుర్చీ మీదుగా లోపలికి చూసి ‘షాపాయన లేడా?’ అని అడుగుతాడు. తాను నిన్న మాట్లాడింది ఆయనతోనేనని చెబితే ఒక క్షణం మాట రాదు. ఆ ఒక్క క్షణాన్ని మా మామ ఇరవై ఏళ్లుగా చూస్తున్నాడు.

చూపు లేని పెద్దమనిషి ఎదుట కూర్చుని అతడు మాట్లాడుతుంటే, కొడుకు వచ్చేలోపు తన మాట పూర్తి చేయాలని పడే ఆరాటం నాకు కొత్తగా అనిపించలేదు. మా మామ ఫోను పెట్టేసే ముందు ఒక మాట ఎక్కువ మాట్లాడతాడు. అందుకు కారణం ఈ పుస్తకం చదివాక తెలిసింది.

పాలమూరు అనువాదకుడు | గురువారం, ఉదయం 6:20

మీ ఉత్తరం చదివి నిన్న రాత్రి నా చిత్తుప్రతి తెరిచాను. ముసలాయన డి లేసీ మాటలను నేను ‘లోపలికి రా, కూర్చో’ అని రాసి ఉన్నాను. గడపలో నిలబడిన అపరిచితుడిని, ముఖం చూడని పెద్దమనిషి, గొంతు మాత్రమే విని ‘రా’ అంటాడా? మన ఊళ్లలో ఎవరూ అనరు. ‘రండి, కూర్చోండి’ అని దిద్దాను. దిద్దాక వెనక్కి తిప్పి మొత్తం వెదికాను. నేను తెచ్చుకున్న అధ్యాయాలన్నిటిలోనూ అతడిని ‘మీరు’ అన్నవాడు ఈ ఒక్కడే.

గద్వాల కోటవీధి | గురువారం, మధ్యాహ్నం 1:15

మర్రిగూడ సోదరుడికి నా నమస్కారం. మీ మామ గారి గురించి రాసినదానికి ఎదురు చెప్పడం నా ఉద్దేశం కాదు. అయితే నవల విషయంలో నాకొక అభ్యంతరం ఉంది, దానిని దాచుకోలేను. అతడు విక్టర్ తమ్ముడు, పసివాడు విలియమ్‌ను గొంతు నులిమి చంపాడు. చంపి, నిద్రపోతున్న ఆ ఇంటి పనిపిల్ల జస్టిన్ దుస్తుల్లో ఆ పిల్లవాడి మెడలోని పతకాన్ని పెట్టాడు. ఆ అమాయకురాలిని ఉరితీశారు. అదేమీ ఆవేశంలో జరిగిన పని కాదు, ఆలోచించి చేసింది. బాధపడినవారంతా ఇలా చేయరు. మా అమ్మమ్మ ఊరి గడీలో దెబ్బలు తిన్నవారు పసిపిల్లల మీద చేయి వేయలేదు. రచయిత్రి అతడి చేత కన్నీళ్లు పెట్టించే మాటలు పలికించినంత మాత్రాన జస్టిన్‌ను మరచిపోదామా?

నాగర్‌కర్నూల్ నర్సు | గురువారం, రాత్రి 9:00

మరచిపోకూడదు. జస్టిన్ విషయంలో నేను ఇద్దరినీ క్షమించలేదు. ఆమె నిర్దోషి అని విక్టర్‌కు తెలుసు. చెబితే పిచ్చివాడంటారని నోరు మూసుకుని న్యాయస్థానంలో కూర్చున్నాడు. పతకం పెట్టినవాడిది ఒక పాపం, తెలిసి పలకనివాడిది మరొకటి. నాకు ఎక్కువ మంట రెండవదాని మీదే, ఎందుకంటే అతడికి ఇల్లు, చదువు, మాట చెల్లుబాటయ్యే పుట్టుక అన్నీ ఉన్నాయి.

క్లాక్ టవర్ పాఠకుడు | ఆదివారం, తెల్లవారుజాము 3:10

పూర్తయింది. ఇక మీరు ముగింపు గురించి స్వేచ్ఛగా రాయవచ్చు.

అతడు తోడు కోసం ఒక స్త్రీని చేసిపెట్టమన్నాడు, మనుషుల కంట పడకుండా దక్షిణ అమెరికా అడవులకు వెళ్లిపోతామన్నాడు. తన ఆహారానికి మేకపిల్లనూ గొర్రెపిల్లనూ చంపనవసరం లేదని, కాయలు పండ్లు చాలునని అన్నాడు. విక్టర్ ఒప్పుకుని, స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న ఓర్క్నీ దీవుల్లో ఒకదానిలో పని మొదలుపెట్టి, అతడు కిటికీలో నుండి చూస్తుండగానే ఆ శరీరాన్ని చీల్చివేశాడు. అక్కడి నుండి చావులే చావులు. స్నేహితుడు క్లెర్వల్ పోయాడు, పెళ్లి రాత్రే ఎలిజబెత్ పోయింది, దిగులుతో తండ్రి పోయాడు. క్లెర్వల్ సంస్కృతం నేర్చుకున్నాడని, భారతదేశానికి రావాలనుకున్నాడని చదివి మొదట సంతోషించాను. ఇక్కడ ఐరోపావారి వలస పాలనకూ వ్యాపారానికీ సాయపడటమే అతడి ఉద్దేశమని ఆ వెంటనే తెలిసి మనసు చివుక్కుమంది. ఆ సంగతి మీద ఎవరైనా విడిగా రాస్తే బాగుంటుంది.

చివరి పేజీలు చెబుతాను. ఓడలో విక్టర్ చనిపోయి ఉన్నాడు. అతడు వచ్చి శవం మీద వంగి ఏడుస్తున్నాడు, క్షమించమంటున్నాడు. వాల్టన్ వింటున్నాడు. మొదటి ఉత్తరాల్లో స్నేహితుడు లేడని బాధపడిన వాల్టన్ ఎదుట, లోకంలో అందరికంటే స్నేహం కోసం తపించిన ప్రాణి నిలబడి ఉంది. ఇద్దరి మధ్యా ఒక శవం. ఆ ఉత్తరాలను నేను దాటవేసి ఉంటే ఈ దృశ్యం నాకు సగమే కనిపించేది. పంతులమ్మ గారికి కృతజ్ఞతలు. అతడు చితి పేర్చుకుని కాలిపోతానని చెప్పి, కిటికీ నుండి మంచుతెప్ప మీదికి దూకి, చీకట్లో కొట్టుకుపోయాడు. కాలిపోయాడో లేదో చూసినవారు లేరు. గద్వాల మిత్రుడి అభ్యంతరం నాకు ఇప్పటికీ సరైనదే అనిపిస్తోంది, అయినా ఆ చీకటి వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

మర్రిగూడ మేనల్లుడు | ఆదివారం, రాత్రి 8:30

ఈ రోజు దుకాణానికి సెలవు. అనువాదకుడు గారు దయతో పంపిన పన్నెండవ, పదిహేనవ అధ్యాయాలను మా మామకు చదివి వినిపించాను. వేపచెట్టు కింద మంచం వేసుకుని విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. కట్టెలు కొట్టి పెట్టిన చోట మాత్రం ‘మంచిగ చేసిండు’ అన్నాడు. కొడుకు కర్రతో కొట్టిన దగ్గర నేనే ఆగిపోయాను. చదవమని చేయి ఊపాడు. అంతా అయ్యాక చాలాసేపు ఊరుకుని, ‘గా ముసలాయన మల్ల ఏమన్నడు?’ అని అడిగాడు. కొడుకు సంగతి అడగలేదు, చేసినవాడి సంగతి అడగలేదు. నాకు జవాబు దొరకలేదు. తెలిసినవారు చెప్పగలరు.

దేవరకొండ పంతులమ్మ | ఆదివారం, రాత్రి 9:25

రెండు ప్రతులూ తెరిచి చూశాను. మరునాడు కొడుకు ఇంటి యజమానితో, మా నాన్న ప్రాణానికే ప్రమాదం వచ్చింది, ఇక్కడ ఉండలేము అని చెబుతాడు. కుటుంబం వెళ్లిపోతుంది. ముసలాయన తరువాత ఏమన్నాడో రచయిత్రి రాయలేదు. ఆయన చివరి మాట ఆ గదిలోనిదే. అతడు ఆయన చేయి పట్టుకుని, నేను వెదికే స్నేహితులు మీరే, నన్ను కాపాడండి అన్నప్పుడు ముసలాయన ‘భగవంతుడా, ఎవరు’ అని అడుగుతాడు. అప్పుడే తలుపు తెరుచుకుంటుంది. ‘ఎవరు నువ్వు’ అన్నాడా, ‘ఎవరు మీరు’ అన్నాడా అనేది ఇంగ్లీషులో తెలియదు.

పాలమూరు అనువాదకుడు | ఆదివారం, రాత్రి 10:05

మీరు ఈ రోజు చదివిన ప్రతిలో నేను ‘ఎవరు నువ్వు?’ అని రాశాను. అంతవరకు ‘మీరు’ అన్న మనిషి, చేయి పట్టుకోగానే ‘నువ్వు’లోకి దిగాడని నేను తీర్మానించేశాను. రాసేటప్పుడు ఆ సంగతి నాకు తట్టలేదు. మేనల్లుడు గారూ, మీకు వీలైతే ఆ ఒక్క పేజీని రెండు విధాలుగానూ మామ గారికి మళ్లీ చదివి వినిపిస్తారా? ఆయన ఏది వింటే అది ఉంచుతాను.

మర్రిగూడ మేనల్లుడు | ఆదివారం, రాత్రి 10:20

తప్పకుండా. ఆయన ఇంకా పడుకోలేదు, కానీ రేపు ఉదయం దుకాణం తెరవకముందు అడుగుతాను. ఫోన్లు మొదలైతే తీరిక ఉండదు.